పాత పడవల యార్డును మ్యూజియం కొనాలా? కొంటే ముందుగా ఏం చూడాలి?

పాతరేవు:
సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక చిన్న స్థానిక మ్యూజియం పాలకవర్గంలో ఉన్నాను. మా మ్యూజియాన్ని ఆనుకొని, సముద్రపు పాయ ఒడ్డున, చాలాకాలంగా మూతబడి ఉన్న పడవల మరమ్మతు యార్డు ఒకటి అమ్మకానికి వచ్చింది. అందులో ఒక చెక్క షెడ్డు, రెండంతస్తుల ఇటుక గిడ్డంగి, పడవలను నీటిలోంచి పైకి లాగే స్లిప్‌వే, దాని మీద తుప్పుపట్టిన పట్టాలు, కొంత పొడవున రాతి రేవు గోడ ఉన్నాయి. యజమానులు ముందుగా మమ్మల్నే అడిగారు. మేము కాదంటే అక్కడ నివాస భవనాలు లేస్తాయన్నది దాదాపు ఖాయం.

గిడ్డంగిని బాగుచేసి ప్రదర్శనశాలగా మార్చాలని పాలకవర్గంలో ఎక్కువమంది అంటున్నారు. రెండు సమావేశాలు జరిగాయి గానీ, స్లిప్‌వే గురించి ఒక్కరు కూడా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వెలితి నన్ను వదలడం లేదు. ఇలాంటి ఆస్తులతో అనుభవం ఉన్నవారు కొనేముందు ఏం పరిశీలించాలో, కొన్నాక దేన్ని ఎలా నిలబెట్టుకోవాలో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

దబ్బనం:
నేను పాత కట్టడాల పటిష్ఠతను పరీక్షించే ఇంజినీరును. నా సలహా ఒక్కటే: గోడలు చూడకముందు వాటి కింద ఏముందో చూడండి. ఒడ్డు మీది కట్టడం బలం సాధారణంగా నీటి మట్టం దగ్గర తేలుతుంది, పైకప్పు దగ్గర కాదు.

చెక్క గుంజల మీద నిలబడిన ఒక పాత రేవు కట్టడాన్ని ఒకసారి పాటు వేళ, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గినప్పుడు, చిన్న పడవలో కిందకు వెళ్ళి పరీక్షించాను. చేతిలో ఉన్న పరికరం దబ్బనమే. నీటికి కాస్త దిగువన గుచ్చితే గుంజ రాయిలా ఉంది, మొన కూడా దిగలేదు. అదే గుంజను మూరెడు పైన, పోటుకు తడిసి పాటుకు ఆరిపోయే చోట గుచ్చితే దబ్బనం పిడిదాకా దిగిపోయింది; బయటికి లాగితే మొనకు తడి పొట్టులాంటిది అంటుకొని వచ్చింది. ఎప్పుడూ నీటిలో మునిగి ఉన్న చెక్కకు గాలి తగినంత అందదు కాబట్టి దాన్ని కుళ్ళబెట్టే శిలీంధ్రాలు బతకలేవు. తడీ గాలీ వంతులవారీగా తగిలే భాగమే ముందుగా పోతుంది. ఉప్పునీటిలో ఇంకో శత్రువు ఉంది. దాన్ని ఓడపురుగు అంటారు గానీ నిజానికి ఆలిచిప్పల జాతికి చెందిన టెరిడో అనే జీవి. పైన సూదిమొనంత రంధ్రం మాత్రమే కనిపిస్తుంది, లోపల దుంగ తేనెపట్టులా డొల్ల అయిపోయి ఉంటుంది. అందువల్ల కంటితో చూసి రాసిన నివేదికను నమ్మవద్దు. నీటిలోకి దిగి, గుంజలను తట్టి, గుచ్చి, అవసరమైతే సన్నని నమూనా తీసి పరీక్షించినవారి నివేదికనే అడగండి.

రెండో విషయం, పొరుగు స్థలం. నార్వేలోని బెర్గెన్ రేవులో ఉన్న బ్రిగ్గెన్ చెక్క భవనాల వరుస 1702 నాటి అగ్నిప్రమాదం తర్వాత పాత పద్ధతిలోనే తిరిగి కట్టింది. 1979లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంతటి రక్షణ ఉన్న ఆ భవనాలు కూడా మెల్లగా కుంగడం మొదలుపెట్టాయి. కారణం వాటి లోపల లేదు. పక్కనే కట్టిన హోటలు పునాది కోసం చేసిన ఏర్పాట్ల వల్ల భూగర్భజలం దిగిపోయింది, శతాబ్దాల తరబడి నీటిలో నానుతూ భద్రంగా ఉన్న చెక్క పొరలకు గాలి తగిలి కుళ్ళు పట్టింది. చివరికి ఆ నీరు బయటికి పోకుండా ఆపి, వాననీటిని మళ్ళీ నేలలోకి ఇంకించి మట్టాన్ని పైకి తేవలసి వచ్చింది. కాబట్టి మీ హద్దు అవతల ఎవరు ఎంత లోతు తవ్వబోతున్నారో కూడా మీకు సంబంధించిన విషయమే.

ఎర్రఇటుక:
దబ్బనం గారి సాంకేతిక సలహాతో నాకు పేచీ లేదు. అయితే గిడ్డంగిని ప్రదర్శనశాల చేయాలన్న ఆలోచనను తక్కువగా చూడవద్దని మనవి. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో ఆల్బర్ట్ డాక్ అనే పాత ఓడరేవును చూడండి. ఇంజినీరు జెస్సీ హార్ట్‌లీ రూపొందించగా 1846లో ప్రారంభమైన ఆ గిడ్డంగులు నిప్పు అంటకుండా, నిర్మాణంలో చెక్క లేకుండా, పోత ఇనుము, ఇటుక, రాయితో కట్టినవి. ఓడలు పెద్దవైపోయాక ఆ డాక్ పనికిరాకుండా పోయి 1972లో మూతబడింది; లోపల పూడిక పేరుకుపోయింది, కూల్చివేత ప్రతిపాదనలూ వచ్చాయి. 1980లలో నౌకా మ్యూజియం అక్కడ స్థిరపడింది, 1988లో టేట్ ఆర్ట్ గ్యాలరీ తెరుచుకుంది. జనం రావడం వల్లనే ఆ గోడలు ఈనాడు నిలిచి ఉన్నాయి. వాడుకలో లేని కట్టడం ఎంత గొప్పదైనా పిచ్చిమొక్కల పాలవుతుంది. పాతరేవు గారి గిడ్డంగికి పైకప్పు, మెట్లు, వెలుతురు, సందర్శకులు కావాలి. ఆ నాలుగూ ప్రదర్శనశాలతోనే వస్తాయి.

పాతరేవు:
ఎర్రఇటుక గారూ, మీ మాట కాదనలేను. అయితే అదే లివర్‌పూల్ రేవు ప్రాంతాన్ని యునెస్కో 2004లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చి, 2021లో తొలగించింది కదా. ఆల్బర్ట్ డాక్ గోడలకు ఏ హానీ జరగలేదు. నీటి అంచు వెంబడి వచ్చిన, రాబోతున్న కొత్త నిర్మాణాల వల్ల ఆ ప్రాంతపు విశిష్టత దెబ్బతిన్నదని వారు తేల్చారు. భవనం బాగానే ఉండగా ఒడ్డు చేజారడం సాధ్యమే అన్నమాట. నా భయం కూడా అదే.

చెక్కపని:
నేను ముప్పై ఏళ్ళుగా చెక్క పడవలు బాగుచేస్తున్నాను. పాతరేవు గారు స్లిప్‌వే మాట ఎత్తినందుకు సంతోషించాను, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

యార్డు మొత్తంలో విడిగా మళ్ళీ తెచ్చుకోలేనిది స్లిప్‌వే ఒక్కటే. ఇటుక గిడ్డంగిని పోగొట్టుకుంటే అలాంటిదే ఇంకోచోట దొరకవచ్చు, చెక్క షెడ్డును విప్పి మరోచోట బిగించవచ్చు. స్లిప్‌వే మాత్రం ఆ నేల వాలుకు, ఆ నీటి లోతుకు, ఆ పోటుపాట్లకు తగ్గట్టు ఎవరో అనుభవజ్ఞులు కుదిర్చిన అమరిక. ఎంత బరువు పడవ ఏ పోటుకు తొట్టి (పడవను మోస్తూ పట్టాల మీద నడిచే చట్రం) మీదికి ఎక్కుతుందో, పట్టాలు నీటి కింద ఎంత దూరం వెళ్ళాలో వారు లెక్కగట్టి వేసి ఉంటారు. దాన్ని పూడ్చి పైన పచ్చిక పరిస్తే ఆ లెక్క శాశ్వతంగా పోతుంది. మీరు తుప్పుపట్టిన పట్టాలన్నారు కదా, వాటి పైభాగాన్ని ఒకసారి చేత్తో తడిమి చూడండి. ఏ వైపు ఎక్కువ అరిగిందో వేళ్ళకు తెలుస్తుంది. ఒక పట్టా లోపలి అంచు నున్నగా అరిగి ఉంటే తొట్టి ఎప్పుడూ ఒక పక్కకు ఒరిగి నడిచేదని అర్థం, అంటే నేల ఆ వైపు కుంగిందన్నమాట. ఆ అరుగుదలలో ఆ యార్డు పనిచేసిన తీరు మొత్తం ఉంది, దాన్ని ఏ ప్రదర్శన పలకా అంత స్పష్టంగా చెప్పలేదు.

పనిచేసే ఒడ్డును పనిచేస్తూనే ఉంచిన మ్యూజియాలు లేకపోలేదు. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో 1929లో మొదలైన మిస్టిక్ సీపోర్ట్ మ్యూజియం ఒకప్పటి ఓడల యార్డు స్థలంలోనే ఏర్పడింది, ఈనాటికీ అక్కడ సొంత మరమ్మతు యార్డు నడుపుతోంది. 1841లో కట్టిన చార్లెస్ డబ్ల్యూ. మోర్గన్ అనే తిమింగలాల వేట ఓడ 1941లో అక్కడికి చేరింది. దాన్ని 2008లో ఒడ్డుకెక్కించి, ఐదేళ్ళు బాగుచేసి 2013లో నీటిలోకి దించారు. మరుసటి ఏడాది అది మళ్ళీ తెరచాపలెత్తి సముద్రంలోకి వెళ్ళింది. బోస్టన్ దగ్గరి పాత నౌకాదళ యార్డులో, ఓడల కోసమని పూర్వం దాచి ఆ తర్వాత మట్టి కింద మరుగునపడిన ఓక్ దుంగలు 2010లో తవ్వకాల్లో బయటపడితే, వాటిని కూడా ఆ పనికి తెచ్చుకున్నారు. ఇంగ్లండులోని చాథమ్ నౌకాదళ యార్డు 1984లో మూతబడ్డాక ట్రస్టు చేతికి వచ్చిన భాగంలో, సుమారు 346 మీటర్ల పొడవున్న తాళ్ళ కర్మాగారంలో ఇప్పటికీ తాళ్ళు పేని అమ్ముతున్నారు. సందర్శకుడికి తారు, జనపనార వాసన తగులుతుంది, యంత్రం చప్పుడు వినిపిస్తుంది. గాజు పెట్టెలో తాడు ముక్క చూపిస్తే ఆ అనుభవం రాదు.

ఎర్రఇటుక:
చెక్కపని గారూ, మిస్టిక్‌లో ఉన్న భవనాల్లో చాలావరకు వేరే చోట్ల నుంచి తెచ్చి పెట్టినవే కదా. అక్కడి తాళ్ళ కర్మాగారం కూడా ప్లిమత్ నుంచి తరలించినదే, అదీ అసలు పొడవులో కొంత భాగమే. దాన్ని మనం ఆదర్శంగా తీసుకోవచ్చా?

చెక్కపని:
మీ ప్రశ్న న్యాయమైనది. కట్టడాన్ని దాని పరిసరాల నుంచి విడదీయకూడదని, కాపాడటానికి మరో దారి లేనప్పుడే తరలించాలని చారిత్రక కట్టడాల సంరక్షణ మీద 1964లో వచ్చిన అంతర్జాతీయ వెనిస్ ఒడంబడిక చెబుతుంది. ఆ రెండో మాటకు మేరీలాండ్‌లోని హూపర్ స్ట్రెయిట్ దీపస్తంభం మంచి ఉదాహరణ. 1879 నాటి ఆ చెక్క దీపగృహాన్ని కూల్చివేయబోతుంటే, 1965లో ప్రారంభమైన చెసాపీక్ బే మ్యూజియం మరుసటి ఏడాదే దాన్ని రెండు ముక్కలుగా కోయించి, బల్లకట్టు మీద తెప్పించి తన ఒడ్డున నిలబెట్టింది. అలా చేయకపోతే ఈనాడు అది ఉండేది కాదు. అయితే పాతరేవు గారికి ఆ అవస్థ లేదు. వారి యార్డు పుట్టిన చోటే ఉంది. తరలించవలసిన అవసరం లేని వస్తువు చేతికందుతున్నప్పుడు దాన్ని సగం చేసుకోవద్దనే నా ఆవేదన.

జమాఖర్చు:
నేను లాభాపేక్ష లేని సంస్థల పద్దులు చూస్తాను. ఇక్కడ ఎవరూ డబ్బు మాట ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతున్నాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఆస్తి కొనుగోలుకు విరాళాలు పోగుచేసి, నిర్వహణకు ఏమీ మిగల్చని సంస్థలను చాలా చూశాను. కొనడానికి దాతలు ముందుకొస్తారు, ఎందుకంటే శిలాఫలకం మీద పేరు ఉంటుంది. ఏటా గుంజలు మార్చడానికి, గోడ సందులు పూడ్చడానికి ఎవరూ ఇవ్వరు.

న్యూయార్క్‌లోని సౌత్ స్ట్రీట్ సీపోర్ట్ మ్యూజియం కథ ఈ విషయంలో ప్రతి పాలకవర్గమూ చదవదగినది. 1967లో ఔత్సాహికులు మొదలుపెట్టిన ఆ సంస్థ పాత ఓడలను, 1810ల నాటి షెర్మర్‌హార్న్ రో వంటి భవనాలను కాపాడాలని సంకల్పించింది. ఆ ప్రాంతపు ఆస్తుల మీది తనఖా అప్పుల చిక్కు విప్పడానికి, పొట్టి భవనాలపైన ఇంకా కట్టుకునే వీలున్న అంతస్తుల హక్కును సమీపంలోని స్థలాలకు బదిలీ చేసే పద్ధతిని నగరం 1970లలో తెచ్చింది. చాలా తెలివైన ఉపాయం, పాత భవనాలు దానివల్లే బతికాయి. కానీ ఆ తర్వాత ఆదాయం కోసం 1980లలో వచ్చిన దుకాణ సముదాయాల మీద ఆశ పెట్టుకోవలసి వచ్చింది. 2011లో మ్యూజియం గ్యాలరీలు మూతబడ్డాయి. మళ్ళీ తెరిచిన ఏడాదే, 2012 అక్టోబరులో శాండీ తుపాను నీరు లోపలికి వచ్చి విద్యుత్ ఏర్పాట్లను పాడుచేసింది. 1911లో హాంబర్గ్‌లో కట్టిన పెకింగ్ అనే పెద్ద తెరచాప ఓడను పోషించలేక, 2017లో దాన్ని పుట్టింటికే పంపించవలసి వచ్చింది. అక్కడ దానికి గొప్ప పునరుద్ధరణ జరిగింది, అది సంతోషమే. శాన్ ఫ్రాన్సిస్కోలోని వపామా అనే 1915 నాటి చెక్క ఆవిరి ఓడకు ఆ అదృష్టం దక్కలేదు. ఆ రకంలో మిగిలిన చివరి ఓడ అని తెలిసి కూడా, బాగుచేయలేని స్థితికి చేరాక 2013లో విడగొట్టేశారు.

నా సూచన: కొనుగోలు సొమ్ముతో పాటే, తాకకూడని శాశ్వత నిధి ఒకటి పోగుచేయండి. దాని వడ్డీ ఏడాదికి ఒకసారి జరిగే నీటి అడుగు తనిఖీకి, చిన్న మరమ్మతులకు సరిపోవాలి. ఆ నిధి సమకూరకపోతే కొనుగోలును వాయిదా వేయమని సంతకం పెట్టే ముందే తీర్మానం చేయండి. మొత్తం ఆస్తి కొనలేకపోతే మరో దారి కూడా ఉంది. యజమాని చేతిలోనే ఉంచి, కూల్చకూడదు, స్లిప్‌వేను పూడ్చకూడదు అనే షరతులను దస్తావేజులోకి ఎక్కించి, ఆ షరతుల హక్కును మాత్రమే మ్యూజియం కొనుక్కోవచ్చు. చాలా దేశాల చట్టాలు ఈ వీలు కల్పిస్తున్నాయి.

ఒడ్డుహక్కు:
న్యాయవాదిగా ఒక్క విషయం చేర్చుతాను. మీ దస్తావేజులో హద్దు ఎక్కడ ముగుస్తుందో చదివారా? పోటు గీత దగ్గర ముగిస్తే, స్లిప్‌వే దిగువ సగం మీది కాకపోవచ్చు. ఇంగ్లండులో తీరప్రాంతపు సముద్రగర్భం దాదాపు అంతా, పోటుపాట్ల మధ్య నేలలో సుమారు సగం క్రౌన్ ఎస్టేట్ (బ్రిటిష్ రాజపీఠానికి చెందిన ఆస్తులను నిర్వహించే సంస్థ) ఆధీనంలో ఉంటాయి. అమెరికాలో పోటుపాట్లుండే జలాల కింది నేలను రాష్ట్రాలు ప్రజల తరఫున ధర్మకర్తలుగా నిర్వహిస్తాయి. 1892 నాటి ఇల్లినాయ్ సెంట్రల్ రైల్వే కేసులో ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు గట్టిగా నిలబెట్టింది. మీకు వర్తించే చట్టం ఏదైనా, నీటిలో ఉన్న భాగానికి విడిగా లీజో, అనుమతో ఉండవచ్చు. అది పాత యజమాని పేరుతోనే ముగిసిపోతుందా, మీకు బదిలీ అవుతుందా అన్నది కొనుగోలు ఒప్పందానికి ముందే తేల్చుకోండి.

పాత పడవల యార్డుల్లో నేల కూడా కలుషితమై ఉంటుంది. సీసం రంగులు, తారు నూనెలు, పడవ అడుగుకు పూసే టీబీటీ వంటి విషపు పూతలు దశాబ్దాలుగా గీకి అక్కడే పడేస్తారు. టీబీటీ పూతలపై అంతర్జాతీయ నిషేధం 2008లో గానీ అమల్లోకి రాలేదు. శుద్ధి చేసే బాధ్యత ఎవరిదో రాసుకోకుండా కొంటే ఆ బాధ్యత మీ నెత్తిన పడుతుంది.

కూలీ మనుమరాలు:
నేను ఈ వేదికలో తరచుగా రాయను. మా తాతగారు ఓడరేవులో బస్తాలు మోసిన మనిషి కాబట్టి ఈ చర్చ చదివి ఊరుకోలేకపోయాను. గుంజలు, పట్టాలు, దస్తావేజులు అన్నీ అవసరమే. కానీ ఆ యార్డులో పనిచేసినవారిని ఎవరైనా అడిగారా?

చెక్కపని గారు చెప్పిన చెసాపీక్ బే మ్యూజియం నిలబడిన ఒడ్డు మీద, దానికి ముందు కోల్‌బర్న్ అండ్ జువెట్ అనే పీతల, ఆల్చిప్పల ప్యాకింగ్ సంస్థ ఉండేది. అది 1902లో ఆఫ్రికన్ అమెరికన్లు స్థాపించి, నల్లజాతి కార్మికులతో దశాబ్దాల పాటు నడిపిన సంస్థ. దాని భవనాలు ఇప్పుడు లేవు, దాని కథను మ్యూజియమే చెప్పవలసి వస్తోంది. లివర్‌పూల్‌లో అదే ఆల్బర్ట్ డాక్ గిడ్డంగిలో 2007లో అంతర్జాతీయ బానిసత్వ మ్యూజియం తెరిచారు. ఆ రేవు సంపద ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రేవులోనే చెప్పడం నాకు సరైన పనిగా అనిపిస్తుంది.

మా తాతగారి కుడి భుజం మీద, మెడకు కింద, బస్తా ఆనే చోట చర్మం కాయకట్టి అరచేయిలా గట్టిగా ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని గోటితో గీకితే ఆయనకు తెలిసేది కాదు. ఆయన బస్తాలు దించిన గిడ్డంగి ఇంకా ఉంది, రంగులు వేసి చాలా అందంగా ఉంచారు. అందులో వ్యాపారుల చిత్రపటాలు ఉన్నాయి, ఓడల నమూనాలు ఉన్నాయి. మోసినవారి గురించి ఒక్క వాక్యం లేదు. పాతరేవు గారూ, మీ యార్డులో చివరిగా పనిచేసినవారు ఇప్పుడు ముసలివారై ఉంటారు. ఆస్తి రిజిస్ట్రేషన్ కోసం ఆగకుండా, ముందు వారి మాటలు రికార్డు చేయించండి. కట్టడం ఇంకో ఏడాది ఆగుతుంది.

చెక్కపని:
కూలీ మనుమరాలు గారి మాటకు ఒక ఆచరణాత్మక కారణం కూడా ఉంది. పడవను పైకి లాగే వించి యంత్రాన్ని ఎవరు నడిపేవారో వారిని స్లిప్‌వే దగ్గరికే తీసుకువెళ్ళి నిలబెట్టి అడగండి. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే గుర్తురాని విషయాలు, అక్కడ పట్టా మీద కాలు పెట్టగానే గుర్తొస్తాయి. తొట్టి చక్రాలకు ఏం పూసేవారు, ఏ చోట పట్టా ఇబ్బంది పెట్టేది, పడవను నిలబెట్టడానికి ఏ కొలత ఆపుదిమ్మలు వాడేవారు, ఇవన్నీ కాగితం మీద ఎక్కడా ఉండవు.

దబ్బనం:
ఇటుక గోడల గురించి ఒక హెచ్చరిక రాయడం మరిచాను. ఒడ్డున ఉన్న ఇటుకలోకి ఉప్పునీరు ఎక్కుతుంది. ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలుగా మారి ఇటుక ముఖాన్ని పొరలుగా రాల్చేస్తుంది. పాత గోడకు సున్నపు గచ్చు ఉంటే తేమ దాని గుండా బయటికి పోతుంది, ఉప్పు దెబ్బ గచ్చు తింటుంది, ఇటుక బతుకుతుంది. బలంగా ఉంటుందని సిమెంటుతో సందులు పూడిస్తే ఆ దెబ్బ ఇటుకకే తగులుతుంది. గుత్తేదారుడికి ఈ మాట ఒప్పందంలోనే రాసివ్వండి.

నీటి మట్టం పెరుగుదలను కూడా లెక్కలోకి తీసుకోండి. అమెరికాలోని పోర్ట్స్‌మత్‌లో స్ట్రాబెరీ బ్యాంక్ అనే మ్యూజియం ఉంది. ఆ పాత ఇళ్ళ మధ్య ఒకప్పుడు పడవలు వచ్చే పాయ ఉండేది, సుమారు 1900 ప్రాంతంలో దాన్ని పూడ్చేశారు. ఇప్పుడు సముద్రమట్టం పెరిగేకొద్దీ ఆ ఇళ్ళ నేలమాళిగల్లోకి నీరు కింది నుంచి ఊరుతోంది. మీ గిడ్డంగి కింది అంతస్తులో విద్యుత్ బోర్డులు, అరుదైన వస్తువులు పెట్టకండి.

ఎర్రఇటుక:
చర్చ చదివాక నా అభిప్రాయాన్ని కొంత మార్చుకున్నాను. గిడ్డంగి పై అంతస్తును ప్రదర్శనశాలగా ఉంచి, కింది అంతస్తును తడిసినా నష్టంలేని పని స్థలంగా, అంటే పనిముట్లకు, చెక్కలకు, పడవల పని నేర్పడానికి వదిలితే ఇద్దరి మాటా నిలుస్తుంది. అయితే సందర్శకులు లేని యార్డు ఎన్నాళ్ళో నడవదన్న నా మాట మాత్రం వదులుకోను.

పాతరేవు:
అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ ప్రతిని పాలకవర్గం ముందు పెట్టాను. సమావేశం దీర్ఘంగా సాగింది, కొంత వాదన కూడా జరిగింది. చివరికి గిడ్డంగిని విడిగా కొనే ప్రతిపాదన విరమించుకున్నాం. కొంటే స్లిప్‌వే, రేవు గోడతో కలిపి మొత్తం కొనాలని, లేకపోతే జమాఖర్చు గారు చెప్పిన షరతుల ఒప్పందానికి వెళ్ళాలని తీర్మానించాం. నీటి అడుగు తనిఖీ, నేల పరీక్ష, దస్తావేజు హద్దుల పరిశీలన పూర్తయ్యేదాకా ఆగడానికి యజమానులు ఒప్పుకున్నారు. నిర్వహణ నిధి ఎంత ఉండాలన్నది ఇంకా తేలలేదు, దాని మీద మళ్ళీ ఇక్కడికే వచ్చి అడుగుతాను.

కూలీ మనుమరాలు గారూ, వించి నడిపిన పెద్దాయన ఆచూకీ దొరికింది. చెక్కపని గారు చెప్పినట్టే ఆయనను నిన్న స్లిప్‌వే దగ్గరికి తీసుకువెళ్ళాం. చేతికర్రతో ఎడమ పట్టా మీద ఒకచోట తట్టి, ఇక్కడికి వచ్చేసరికి తొట్టి ఒరిగేదని, అందుకని ఆ పక్క చక్రం కింద ఎప్పుడూ చెక్క చీలిక ఒకటి పెట్టేవాళ్ళమని చెప్పారు. వంగి చూస్తే ఆ చోట పట్టా లోపలి అంచు నిజంగానే అరిగి ఉంది. నీటి కింద పట్టాలు ఇంకా ఎంత దూరం ఉన్నాయని అడిగితే, అమావాస్య పాటుకు రమ్మన్నారు, చివరిదాకా తానే చూపిస్తానన్నారు. ఆ రోజుకు కొలత టేపుతో, రికార్డరుతో అందరం వెళ్తున్నాం.